ఆముదం వాసన, ఎర్రటి గొట్టం

మొన్న చిలకలపూడి వెళ్ళాను. బాబాయ్ పెద్దకర్మకి. బాబాయ్ అంటే చుట్టం కాదు. బందరులో మా కాలేజీ కెమిస్ట్రీ లాబ్ అటెండర్. మేమంతా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. నేను ఆ లాబ్‌లో స్టూడెంటుగా ఉన్నప్పుడూ అదే పిలుపు, తర్వాత అక్కడే డిమాన్‌స్ట్రేటర్‌గా, లెక్చరర్‌గా చేసినప్పుడూ అదే పిలుపు. ఆయన మాత్రం నన్ను మొదట 'అమ్మాయిగారూ' అని, ఉద్యోగంలో చేరిన రోజు నుంచి 'మేడమ్‌గారూ' అని పిలిచేవాడు. ఎంత చెప్పినా వినలేదు.

భోజనాలకి ఇంకా టైముంది. పందిరి కింద కుర్చీలో కూర్చున్నాను. పక్కింటి పెరట్లో ఒక ముసలావిడ ఆముదం వండుతోంది. వేయించి దంచిన ఆముదాల ముద్దని నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెని గరిటెతో తీసి ఇంకో గిన్నెలో కాస్తోంది. ఇప్పుడు ఇళ్ళలో ఎవరు వండుతున్నారని? ఎన్నేళ్ళయిందో ఆ వాసన పీల్చి. చిక్కగా, కాస్త చేదుగా, గొంతులో దిగబడిపోయే వాసన.

నా వయసు ఆడవాళ్ళకి ఆముదం వాసనంటే అమ్మమ్మ, తలంటు, పసిపిల్లల మాడు గుర్తొస్తాయి. నాకు మాత్రం మా లాబ్ గుర్తొచ్చింది. కిటికీ పక్కన రాతి బల్ల, స్పిరిట్ దీపం, దాని మీద చిన్న సత్తు గిన్నెలో కాగుతున్న ఆముదం, అందులో నిలబెట్టిన థర్మామీటరు, దాని పక్కన వేలెడంత గాజుగొట్టం. ఆ గొట్టంలో కుంకుమ లాంటి ఎర్రటి పొడి.

*

ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ లాబ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు మా మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు బాబాయ్ వైపు చూసేవారు. బాబాయ్ బీరువాలోంచి ఆ గొట్టాన్ని రెండు వేళ్ళతో తెచ్చేవాడు. రెండు చివర్లూ దీపం మీద కరిగించి మూసేసిన గొట్టం. లోపల మెర్క్యురిక్ అయొడైడ్. అది ఆయన చేతిపనే. గాజు ఊదడం ఆయన ఎక్కడా నేర్చుకోలేదు, పాత మాస్టార్లు చేస్తుంటే చూసి పట్టేశాడు.

ముందు దాన్ని మరిగే నీళ్ళలో పెట్టేవాడు. అందరం మెడలు సాచి చూసేవాళ్ళం. ఏమీ అయ్యేది కాదు. ఎరుపు ఎరుపే. 'ఇంకా చూడండి' అనేవారు మాస్టారు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నీళ్ళు తెర్లుతూనే ఉండేవి, రంగు కదిలేది కాదు. అప్పుడు అదే గొట్టాన్ని తుడిచి కాగే ఆముదంలో దించేవాడు. థర్మామీటరు నూరు దాటేది. నూట ఇరవై దాటేది. నూట ఇరవై ఏడు దగ్గర పడేసరికి గొట్టం అంచుల్లో ఎరుపు కాస్త పాలిపోయినట్టు అయ్యేది. చూస్తుండగానే మొత్తం పొడి నిమ్మపండు పసుపులోకి మారిపోయేది. వెనక వరసలో ఎవరో ఒకరు 'అమ్మో' అనేవాళ్ళు, ప్రతి ఏడాదీ.

నీళ్ళు ఎంత మరిగినా నూరు డిగ్రీలు దాటవు. ఈ పొడి మారడానికి 127 కావాలి. అందుకే ఆముదం. మరిగే నీళ్ళ వేడికి ఒక హద్దుంటుందన్న సంగతి ఆ ఒక్క ప్రయోగంతో మాకు జన్మలో మర్చిపోలేనంతగా ఎక్కింది. అసలు మారేది పదార్థం కాదని తర్వాత మాస్టారు బోర్డు మీద వేసి చెప్పారు. ముందూ మెర్క్యురిక్ అయొడైడే, తర్వాతా అదే. లోపల పరమాణువులు పేర్చుకునే తీరు మారుతుంది, దానితో రంగు మారుతుంది. ఇంకా వేడి చేస్తే 259 దగ్గర కరుగుతుంది. అంతదాకా బాబాయ్ ఎప్పుడూ వెళ్ళనివ్వలేదు.

కానీ నాకు మనసులో నిలిచిపోయింది అది చల్లారడం. గొట్టాన్ని బయటికి తీసి బల్ల మీద గుడ్డ పరిచి పడుకోబెట్టేవాడు. అది వెంటనే ఎర్రబడేది కాదు. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నా ఇంకా పసుపే. 127 కంటే బాగా కిందికి వచ్చేసినా, ఏం చెయ్యాలో తేల్చుకోనట్టు అలాగే ఉండిపోయేది. అప్పుడు బాబాయ్ వంగి గొట్టం మీద గోటితో టక్కుమని ఒక్కటి కొట్టేవాడు. లోపల ఎక్కడో ఒకచోట చిన్న ఎర్రటి చుక్క పుట్టేది. ఆ చుక్క నుంచి ఎరుపు, తడిగుడ్డలో నీరు పాకినట్టు, మెల్లగా అటూ ఇటూ పాకేది. పసుపు అంతా మళ్ళీ కుంకుమ అయిపోయేది.

ఆ గోటి చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

*

లాబ్‌లో ఉత్తరం గోడకి ఒక బీరువా ఉండేది. తలుపు మీద పుర్రె బొమ్మ, ఎర్ర రంగుతో 'విషము' అని. దాని తాళంచెవి బాబాయ్ మొలతాడుకి. ప్రిన్సిపాల్ అడిగినా రిజిస్టర్‌లో సంతకం పెట్టకుండా ఇచ్చేవాడు కాదు.

అందులో నాలుగు సీసాలు మాకు రోజూ పని పడేవి. మెర్క్యురిక్ క్లోరైడు తెల్లటి స్ఫటికాలు, చూడటానికి కలకండ పొడిలా. మెర్క్యురస్ క్లోరైడు, అంటే కాలొమెల్, గోధుమరంగు సీసాలో, అచ్చం ముగ్గుపిండిలా. వెలుతురు తగిలితే అది విడిపోయి లోపలి పాదరసంతో నల్లబడుతుంది, అందుకే ఆ సీసా. మెర్క్యురిక్ బ్రోమైడు, ఆర్సెనిక్ పరీక్షకి కాగితాలు తడపడానికి. నాలుగోది ఎర్ర అయొడైడు.

మొదటి రెండూ తెలుపే. రెండింట్లోనూ ఉన్నవి పాదరసం, క్లోరిన్. కానీ కాలొమెల్ నీళ్ళలో దాదాపు కరగదు, మెర్క్యురిక్ క్లోరైడు ఇట్టే కరుగుతుంది. చల్లటి నీళ్ళయితే గ్రాముకి పదమూడు మిల్లీలీటర్లు పడతాయి, మరిగే నీళ్ళయితే రెండు మిల్లీలీటర్లు చాలు. స్పిరిట్‌లో ఇంకా తేలిగ్గా కరుగుతుంది. బోటనీ వాళ్ళు ఎండబెట్టిన మొక్కల షీట్లకి పురుగు పట్టకుండా ఆ స్పిరిట్ ద్రావణంలోనే ముంచేవాళ్ళు. వాళ్ళ అటెండర్ చిన్న సీసా పట్టుకుని వస్తే బాబాయ్ తూచి పోసి, పేరు రాయించుకుని, 'చేతులు సబ్బుతో కడుక్కో' అని రెండుసార్లు చెప్పి పంపేవాడు. కరిగేదే ప్రాణం తీస్తుంది. ఒకటి రెండు గ్రాములు కడుపులోకి వెళితే చాలు.

మా నాయనమ్మకి ఈ సంగతి చెబితే 'రసకర్పూరమే కదే' అంది. వాళ్ళ చిన్నప్పుడు వైద్యులు సవాయి రోగానికీ, అంటే సిఫిలిస్‌కీ, పుళ్ళకీ వాడేవాళ్ళట. కర్పూరం లాగే వేడి చేస్తే ఆవిరై పైమూతకి అంటుకుంటుంది కాబట్టి ఆ పేరు. నాయనమ్మ మాటలో కెమిస్ట్రీ ఉందని నాకు తర్వాత తెలిసింది. మెర్క్యురిక్ క్లోరైడు 277 దగ్గర కరుగుతుంది, 302కే మరిగిపోతుంది. మన వంటింటి ఉప్పు కరగడానికే 801 కావాలి. రెండూ క్లోరైడులే, అయినా ఎందుకింత తేడా? దీనికి మాస్టారు ఒక బల్బుతో జవాబు చూపించారు. ఉప్పునీళ్ళలో రెండు తీగలు ముంచితే బల్బు దేదీప్యమానంగా వెలిగింది. మెర్క్యురిక్ క్లోరైడు నీళ్ళలో ముంచితే వెలగలేదు. ఇది నీళ్ళలో కరిగినా అయాన్లుగా పెద్దగా విడిపోదు. మధ్యలో పాదరసం, అటొక క్లోరిన్, ఇటొక క్లోరిన్, మూడూ ఒకే గీత మీద, అణువులుగానే ఉండిపోతాయి. అణువుల మధ్య పట్టు తక్కువ కాబట్టి అంత తేలిగ్గా ఆవిరైపోతుంది.

విషం బీరువా పక్కన గూట్లో, ప్రాక్టికల్స్ ఉన్న రోజున, రెండు కోడిగుడ్లు ఉండేవి. మొదట్లో బాబాయ్ టిఫిన్ అనుకున్నాను. ఒకరోజు అడిగాను. 'మీ కోసమేనండి అమ్మాయిగారూ' అన్నాడు. పొరపాటున ఎవరి నోట్లోకైనా ఆ ద్రావణం వెళితే పచ్చి తెల్లసొన తాగించి, వెంటనే రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఎప్పటిదో పాత మాస్టారు చెప్పిన మాట. తెల్లసొనలో ఆ ద్రావణం చుక్క వేస్తే తెల్లగా గడ్డకట్టడం మాకు చూపించాడు కూడా. పాదరసం ఆ సొనకి అతుక్కుంటుంది, కడుపు గోడలకి అతుక్కునే బదులు. చాలా ఏళ్ళ తర్వాత చదివాను, 1825లో ఫ్రాన్సులో థెనార్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసరు పాఠం చెబుతూ నీళ్ళనుకుని ఈ ద్రావణమే గుక్కెడు తాగేసి, కోడిగుడ్లు తెప్పించుకుని బతికాడట. ఆయన పేరు బాబాయ్‌కి తెలియదు. అయినా నేనున్నన్నాళ్ళూ ఆ గూట్లో గుడ్లు లేని ప్రాక్టికల్ రోజు లేదు. అదృష్టం, ఎప్పుడూ పగలగొట్టే అవసరం రాలేదు.

*

ఆ రోజుల్లో డిగ్రీ చదివినవాళ్ళకి 'సిల్కీ వైట్' అంటే చాలు, వేరే చెప్పక్కర్లేదు.

ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఇనుము ఎంతుందో డైక్రోమేటు ద్రావణం కొలిచి పోసి తేల్చే ప్రాక్టికల్ అది. అలా కొలిచి పోసి తేల్చడాన్నే టైట్రేషన్ అంటాం. ముందు ఆ ద్రావణాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడి చేస్తే చిక్కటి పసుపు వస్తుంది. అందులోని ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్ రూపంలోకి మారడానికి స్టానస్ క్లోరైడు చుక్క చుక్కగా వెయ్యాలి. చుక్క పడ్డప్పుడల్లా పసుపు పలచబడుతుంది. పసుపు పోయి లేత ఆకుపచ్చ మిగిలిన క్షణాన ఆపి, ఇంకొక్క చుక్క, మహా అయితే రెండు, అంతే. తర్వాత ఫ్లాస్కుని కుళాయి కింద తిప్పుతూ బాగా చల్లార్చాలి. అప్పుడు పది మిల్లీలీటర్ల మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణం ఒక్కసారిగా పోసెయ్యాలి. మిగిలిపోయిన ఆ ఒకటి రెండు చుక్కల స్టానస్ క్లోరైడుని అది తినేసి, తాను కాలొమెల్‌గా మారి తెల్లగా తేలుతుంది.

ఎలా తేలాలంటే, ఫ్లాస్కుని మెల్లగా తిప్పితే లోపల పట్టు చీర కొంగు వెలుతుర్లో ఆడినట్టు మెరవాలి. పలచగా, తళుకుతళుకుమంటూ, పొరలు పొరలుగా. అది కనపడితే గుండె కుదుటపడేది. ఏమీ రాకపోతే స్టానస్ క్లోరైడు తక్కువైందని, ఇనుము పూర్తిగా మారలేదని అర్థం. బూడిదరంగు వచ్చిందా, ఇక అంతే, పారబోసి మళ్ళీ మొదటినుంచి. ఎందుకంటే స్టానస్ క్లోరైడు ఎక్కువైతే కాలొమెల్ దగ్గర ఆగకుండా పాదరసం దాకా తీసుకుపోతుంది. ఆ సన్నటి పాదరసం రేణువులు తర్వాత మనం పోసే డైక్రోమేటుని తినేస్తాయి, రీడింగు తప్పొస్తుంది.

పరీక్ష రోజున ఆ ఒక్క చుక్క కోసం పడే టెన్షన్ మాటల్లో చెప్పలేను. నా చేతులు వణికేవి. బాబాయ్ పరీక్షలో ఎవరికీ సాయం చెయ్యకూడదు, చేసేవాడూ కాదు. కానీ నా వెనక నుంచి బకెట్ పట్టుకుని నడుస్తూ, ఎవరితోనో అన్నట్టు, 'చల్లారనివ్వాలి, చల్లారనివ్వాలి' అనుకుంటూ వెళ్ళాడు. నేను ఇంకో రెండు నిమిషాలు కుళాయి కింద తిప్పాను. పోశాను. పట్టు కొంగు మెరిసింది.

తర్వాత వాల్తేరులో ఎమ్మెస్సీకి వెళ్ళినప్పుడు, ఇలాంటి ఆక్సీకరణ క్షయకరణ టైట్రేషన్లలో ప్రొఫెసర్ జి. గోపాలరావు గారి పేరు ఎంత పెద్దదో తెలిసింది. అక్కడ కొత్త సూచికలు, కొత్త పద్ధతులు ఎన్నో నేర్చుకున్నాను. అయినా అవక్షేపం అన్న మాట వింటే ఇప్పటికీ ముందు నా కళ్ళ ముందు ఆడేది బందరు ఫ్లాస్కులోని ఆ తెలుపే.

కాలొమెల్ పేరు గురించి కూడా ఒక మాట. గ్రీకులో 'అందమైన నలుపు' అని దాని అర్థం చెబుతారు. ఇంత తెల్లటి దానికి నలుపు పేరేమిటి? సాల్ట్ అనాలిసిస్‌లో దాని మీద అమ్మోనియా చుక్క వేసిన ఎవరికైనా తెలుస్తుంది. పడీ పడగానే కాటుకలా నల్లబడుతుంది. అదే పరీక్ష సీసం క్లోరైడు మీద చేస్తే తెలుపు తెలుపులాగే ఉంటుంది.

*

మా బ్యాచ్‌లో గూడూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఉండేది. సత్తు, అంటే అల్యూమినియం, క్యారేజీ తెచ్చుకునేది. లాబ్‌లోకి తిండి తేకూడదన్న నియమం ఉన్నా, ఎండకి పాడవుతుందని బల్ల కింద దాచేది. ఒకరోజు పైనుంచి మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణం మూత మీద రెండు చుక్కలు పడ్డాయి. తుడిచేసింది, అంతే అనుకుంది.

అన్నాల వేళకి తీసి చూస్తే మూత మీద తెల్లటి మీసాలు మొలిచాయి. నిజంగానే. సన్నటి తెల్లటి ఈకల్లాంటివి నిటారుగా లేచి, చూస్తుండగానే ఇంకా పొడుగవుతున్నాయి. ముట్టుకుంటే బూడిదలా రాలిపోతున్నాయి, కింద లోహం వెచ్చగా ఉంది. ఆ అమ్మాయి భయపడి కేక పెట్టింది. బాబాయ్ పరుగున వచ్చి క్యారేజీ లాక్కుని, అన్నంతో సహా పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశాడు. తర్వాత తన ఇంటి నుంచి వచ్చిన అన్నం ఆ అమ్మాయికి పెట్టాడు. అన్నం తినేదాకా ఒక్క మాట తిట్టలేదు. తిన్నాక మాత్రం, 'మీ అమ్మ మిమ్మల్ని నన్ను నమ్మి పంపిందమ్మా' అన్నాడు. ఆ మాటకి మేమందరం ఏడ్చినంత పనైంది.

అల్యూమినియం మీద ఎప్పుడూ కనపడని పలచటి ఆక్సైడు పొర ఉంటుంది, అదే దాన్ని కాపాడుతుంది. మెర్క్యురిక్ క్లోరైడు తగిలితే పాదరసం విడుదలై లోహంతో కలిసిపోయి ఆ పొరని నిలవనివ్వదు. ఇక గాలి తగిలినకొద్దీ అల్యూమినియం ఆక్సైడై ఈకలుగా మొలుస్తూనే ఉంటుంది. విమానాల్లో పాదరసం తీసుకెళ్ళనివ్వకపోవడానికీ ఇదే కారణం. ఆ రోజు నుంచి ఆడపిల్లలం గాజులు, ఉంగరాలు తీసి చేతిరుమాల్లో మూటకట్టి బాబాయ్‌కి ఇచ్చి లాబ్‌లో అడుగుపెట్టడం అలవాటు చేసుకున్నాం. పాదరసం బంగారాన్ని కూడా వదలదు మరి.

*

1977 నవంబరు ఉప్పెన గురించి కృష్ణా జిల్లా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. దివిసీమలో వేల మంది పోయారు. అప్పటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి, అంతకు మించి మాకేం కాలేదు. మాకేం కాలేదని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉండేది ఆ రోజుల్లో.

సహాయానికి వెళ్ళిన మా స్టూడెంట్లు నాగాయలంక, కోడూరు వైపు నుంచి బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చారు. తాగడానికి పనికొస్తాయా అని. మా లాబ్‌లో సూక్ష్మజీవుల పరీక్ష చేసే వసతి లేదు. కానీ కుళ్ళినవాటి జాడ అమ్మోనియాలో తెలుస్తుంది. దానికి నెస్లర్ రీఏజెంట్ ఉంది. నీళ్ళలో అమ్మోనియా ఉంటే అది పసుపు రంగు ఇస్తుంది, ఎక్కువుంటే ఇటుక రంగు.

ఆ రాత్రి కరెంటు లేదు. లాంతరు వెలుగులో నేనూ బాబాయ్ కూర్చుని నెస్లర్ తయారు చేశాం. మెర్క్యురిక్ క్లోరైడులో పొటాషియం అయొడైడు పోస్తుంటే మొదట అదే కుంకుమ ఎరుపు. పోస్తూనే ఉంటే ఆ ఎరుపు కరిగిపోయి నీళ్ళలా తేటపడుతుంది. అందులో కాస్టిక్ పొటాష్ కలిపి, తేరనిచ్చి, పైన లేత పసుపు ద్రావణం వంచుకోవడం. తెల్లారాక మొదటి సీసా నీళ్ళలో వేశాం. రంగు రావడానికి బదులు తెల్లగా మడ్డి కమ్మింది. రెండోదీ అంతే. సముద్రం బావుల్లోకి వచ్చిన నీళ్ళు అవి. అందులోని మెగ్నీషియం, కాల్షియం క్షారం తగలగానే అవక్షేపమై రంగుని మింగేస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఫెహ్లింగ్ ద్రావణానికి వాడే రోషెల్ సాల్ట్ గుర్తొచ్చింది. ముందు అది కలిపి, తర్వాత నెస్లర్ వేశాం. నీళ్ళు తేటగా నిలిచాయి.

తేటగా నిలిచిన నీళ్ళలో రంగు వచ్చింది. కొన్ని సీసాల్లో లేత పసుపు. కొన్నింట్లో ముదురు పసుపు. మూడు సీసాల్లో ఇటుక రంగు మడ్డి దిగింది. బాబాయ్ ఆ మూడింటి మీద కట్టిన చీటీలు చదివాడు. అందులో ఒకటి ఆయన మేనకోడలి అత్తవారి ఊరు. ఏమీ అనలేదు. సీసాలు వరసగా పేర్చి, ఎర్ర పెన్సిలుతో చీటీల మీద గుర్తు పెట్టి, 'ఇవి ముందు తోడించాలని రాయండి మేడమ్‌గారూ' అన్నాడు. రాశాను. అమ్మోనియా ఉన్న నీళ్ళు బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్‌ని తినేస్తాయి, అందుకే ఆ బావుల్లో మామూలు కంటే ఎక్కువ వెయ్యాలని కూడా రాసి పంపాం.

*

ఇక చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటుంది.

ఆ పట్టు తెలుపు అంతా చివరికి ఎక్కడికి పోయేది? సింకులోకి. టైట్రేషన్ అయిపోగానే ఫ్లాస్కు వంచేసి కుళాయి తిప్పేవాళ్ళం. సింకు కింద గొట్టం, గొట్టం నుంచి పక్క కాలువ, అక్కడి నుంచి సముద్రం పాయ. మేం, మా ముందు బ్యాచ్‌లు, మా తర్వాత బ్యాచ్‌లు. ఎవరూ తప్పనుకోలేదు. అలాగే నేర్పారు, నేనూ అలాగే నేర్పాను.

ఒకసారి స్టాఫ్ రూములో జపాన్‌లోని మినమాటా గురించి చదివాను. 1956లో అక్కడ మొదట బయటపడిన ఆ జబ్బు, ఫ్యాక్టరీ నుంచి సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరి, చేపల నుంచి మనుషుల్లోకి వచ్చి, పుట్టబోయే పిల్లల్ని కూడా వదలకపోవడం. అక్కడ ఫ్యాక్టరీ నుంచే మిథైల్ మెర్క్యురీ వచ్చింది. కానీ మామూలు పాదరసం లవణాల్ని కూడా బురదలోని బాక్టీరియా అదే రూపంలోకి మార్చగలదని ఆ వ్యాసంలో ఉంది. ఆ సాయంత్రం ఫ్లాస్కులు కడుగుతున్న బాబాయ్‌కి ఇదంతా చెప్పాను. ఆయన కుళాయి కట్టేశాడు. కాసేపు ఊరుకుని అడిగాడు.

'మరి మేం కాలువ చేపలే కదండీ తింటాం?'

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేశాను. ఒక టైట్రేషన్‌కి పది మిల్లీలీటర్ల 5 శాతం ద్రావణం, అంటే అరగ్రాము మెర్క్యురిక్ క్లోరైడు. నలభై మంది, తలా నాలుగు టైట్రేషన్లు. ఒక్క పూటకి ఎనభై గ్రాములు. దాని బరువులో నూటికి 74 వంతులు పాదరసమే. దాదాపు అరవై గ్రాములు, ఒక్క పూటలో, ఒక్క కాలేజీ నుంచి.

మర్నాటి నుంచి లాబ్‌లో సింకు పక్కన ఒక పెద్ద గాజు జాడీ వెలిసింది. ఫ్లాస్కులన్నీ అందులో వంచాలి. ఎవరైనా మర్చిపోయి సింకు వైపు వెళితే బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టేవాడు. వారానికోసారి కిప్ యంత్రం నుంచి హైడ్రోజన్ సల్ఫైడు గొట్టాన్ని ఆ జాడీలోకి పెట్టేవాళ్ళం. వాసనకి వరండాలో క్లాసులు గగ్గోలు పెట్టేవి. ద్రావణం మొదట తెల్లగా, తర్వాత పసుపు, గోధుమ, చివరికి నల్లగా అడుగున దిగేది. మెర్క్యురిక్ సల్ఫైడు. భూమిలో దొరికే ఇంగిలీకం ఎర్రగా ఉంటుంది గానీ అదీ ఇదే పదార్థం. నీళ్ళలో కరగదు. పై నీళ్ళు తేర్చి, నల్లటి మడ్డిని సీసాల్లోకి తీసి, మైనంతో మూతలు బిగించి, విషం బీరువా కింద అరలో పెట్టేవాడు. ఎవరూ ఆయనకి ఆ పని చెప్పలేదు, జీతంలో ఒక్క రూపాయి కలవలేదు.

డిపార్ట్‌మెంటు నా చేతికి వచ్చాక ఆ ప్రాక్టికల్‌ని మార్చాను. ఫెర్రిక్ బదులు మోర్ సాల్ట్. అందులో ఇనుము ముందే ఫెర్రస్ రూపంలో ఉంటుంది కాబట్టి స్టానస్ క్లోరైడు అక్కర్లేదు, మెర్క్యురిక్ క్లోరైడు అక్కర్లేదు. పిల్లలు ఆ పట్టు తెలుపు చూడలేదు. చూడకపోవడమే మంచిది. నేను మాత్రం మొదటి ఏడాది ఫ్లాస్కులు ఆకుపచ్చ నుంచి నేరుగా ఊదారంగుకి వెళ్ళడం చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. అంత అందమైనదాన్ని నా చేత్తోనే ఆపాల్సి వచ్చింది.

2013లో చాలా దేశాలు కలిసి పాదరసం మీద ఒప్పందం చేసుకుని దానికి మినమాటా పేరే పెట్టినప్పుడు, పేపరు కటింగు పట్టుకుని చిలకలపూడి వెళ్ళాను. అప్పటికి బాబాయ్‌కి చూపు తగ్గింది. చదివి వినిపించాను. 'మన సీసాలు ఉన్నాయా ఇంకా?' అన్నాడు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్ళే లారీ వచ్చి తీసుకెళ్ళిందని చెప్పాను. 'మూతలు ఊడకుండా తీసుకెళ్ళారా?' అన్నాడు. ఊడలేదు బాబాయ్ అన్నాను.

*

భోజనాలయ్యాక బాబాయ్ కోడలు లోపలికి రమ్మంది. ట్రంకుపెట్టెలోంచి పాత ధోవతి ముక్కలో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. 'మేడమ్‌గారికే ఇవ్వమన్నారండీ. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు' అంది.

విప్పాను. అదే గొట్టం. రిటైరైన రోజున మాస్టారు ఆయనకి ఇచ్చేశారట. నాకు తెలియదు. యాభై ఏళ్ళు దాటినా రెండు చివర్ల గాజు ఎక్కడా పగలలేదు. లోపల పొడి కాస్త ఒకవైపుకి ఒరిగింది. రంగు అలాగే ఉంది.

మనవరాలు, ఏడో తరగతి చదువుతోందట, నా భుజం మీదుగా వంగి చూసింది. ఇది పసుపు అవుతుందని చెప్పాను. నమ్మలేదు. పక్కింటి ఆముదం ఇంకా కాగుతూనే ఉంది, వాసన వస్తూనే ఉంది. అందులో పెట్టి చూద్దామా అండీ అంది. వద్దమ్మా, పాత గాజు, లోపల ఉన్నది విషం, పగిలితే ఎవరినీ కాపాడలేను అన్నాను.

'పసుపు అయ్యాక అలాగే ఉండిపోతుందా?'

'లేదు. చల్లారాక మళ్ళీ ఎరుపే. కాస్త ఆలస్యం చేస్తుంది. మీ తాతయ్య గోటితో ఇలా కొట్టేవారు.'

ఆ పిల్ల నా చేతిలోని గొట్టం మీద, చాలా మెల్లగా, గోటితో ఒక్కటి కొట్టింది.